ఆకాశాన్ని ఒళ్లో పెట్టుకుని గీసిన వదిన

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను పలాసలో ఒక ప్రెస్సులో కూర్చుని గొడవపడుతున్నాను. కరపత్రం శీర్షిక చివర మూడు ఆశ్చర్యార్థకాలు ఉండాలని నేను, ఒకటి చాలని ప్రెస్సాయన. అన్నయ్య ఎప్పుడూ మాటలు పొదుపుగా వాడే మనిషి. "మీ వదిన ఎల్లిపోయిందిరా. పొద్దున్నే. పీట మీద కూకునే ఉన్నాది" అన్నాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, "ఒకటే వెయ్యండి" అని ప్రెస్సాయనకు చెప్పి బయటికి వచ్చేశాను. ఆమె వింటే ఊరుకునేది కాదు. "మా మరిది ఒక వాదన ఓడిపోవాలంటే ఇంట్లో ఎవరో ఒకరు సావాలేటి?" అనేది.

పత్రికలో నా ఈ పేజీని మీలో చాలామంది తిట్లకోసం తెరుస్తారని నాకు తెలుసు. ఈసారీ కొన్ని ఉంటాయి. కానీ ముందు మనిషి సంగతి.

మా వదిన పిల్లల బొమ్మల పుస్తకాలు రాసేది. రాయడమూ తనే, బొమ్మలు వెయ్యడమూ తనే. అచ్చయింది ఒకటి. రెండోది చివరి పేజీ దగ్గర ఆగింది. అంతకుముందు చాలా ఏళ్లు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర్లోని మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. రిటైరయ్యాక కూడా పిల్లలు రావడం మానలేదు. కేంద్రం గోడ దాటి నేరుగా మా వాళ్ల అరుగు మీదికే వచ్చేవారు. రైతుల పిల్లలూ, వేటకెళ్లేవాళ్ల పిల్లలూ, తల్లులు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనికెళితే సాయంత్రం దాకా ఎక్కడుండాలో తెలియని పిల్లలూ. వాళ్లను కూర్చోబెట్టడానికి పాత చార్టుల వెనకవైపు బొమ్మలు గీసి, జీడిపిక్కల గోనెలు కుట్టే దారంతో ఆ కాగితాలను కుట్టేది. అలా కుట్టినవే ఆమె మొదటి పుస్తకాలు. వాటిలో ఒకదాన్ని ఫోన్‌లో ఫొటోలు తీసి హైదరాబాదులోని ఒక చిన్న ప్రచురణ సంస్థకు నేను పంపాను. పంపానని తెలిశాక రెండు రోజులు నాకు చేపల పులుసు వడ్డించలేదు. వాళ్లు అచ్చేస్తామన్నాక మూకుడంతా నా ముందు పెట్టింది.

ఆమె బొమ్మ గీసే తీరు చెప్పకపోతే మిగతాదేదీ మీకు అర్థం కాదు. అంగన్‌వాడీలో ఆమె పీట మీద, పిల్లలు ఎదురుగా చాప మీద, మధ్యలో నేలబారు చెక్క బల్ల. కాగితం దాని మీద. మామూలుగా మనం గీసినట్టు గీస్తే ఎదురుగా ఉన్న పిల్లలకు బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. అప్పుడు అందరూ లేచి ఆమె వెనక్కి వచ్చి, భుజాల మీద పడి, ఒకరినొకరు తోసుకుని, ఒకడు ఏడ్చి, ఒకతె కొరికి, క్లాసు పాడు. అందుకని ఆమె వాళ్ల వైపు నుంచి గీయడం నేర్చుకుంది. నేలను అవతల, పిల్లల మోకాళ్ల దగ్గర పెట్టేది. ఆకాశాన్ని తన ఒళ్లో పెట్టుకునేది. కొబ్బరి చెట్టు మొదలు దూరంగా మొదలై, మట్టలు తన పొట్ట దగ్గరికి వచ్చి విచ్చుకునేవి. కొన్నేళ్లకు చెయ్యి అలాగే అలవాటు పడింది. రిటైరయ్యాక ఇంట్లోనూ అలాంటి పీటే, అలాంటి బల్లే; గదిలో ఒక్కతే ఉన్నా అలాగే గీసేది. ఎదురుగా ఎవరూ లేరు కదా అని ఒకసారి అడిగాను.

"ఇప్పుడు నేరు. వొత్తారు" అంది.

గీయడం పూర్తయ్యేదాకా ఎవరినీ రానిచ్చేది కాదు. పూర్తయ్యాక కాగితం మీద గుండ్రటి రాయి ఒకటి పెట్టి పిలిచేది. సరుగుడు తోటల అవతల ఒడ్డున ఏరుకొచ్చిన నల్లరాయి. సముద్రపు గాలికి కాగితం ఎగిరిపోకుండా పెడుతుందని నేననుకునేవాణ్ని.

అచ్చయిన మొదటి పుస్తకం పీత కథ. తన బొరియ ఎక్కడుందో మరిచిపోయిన పీత, రేవు అంతా తిరిగి, పడవల కింద దూరి, ఎండబెట్టిన వలల్లో చిక్కుకుని, చివరికి ఎవరి బొరియో దొరికితే అందులో నిద్రపోతుంది. అంతే కథ. పేజీలన్నీ మూటగట్టి పంపాం. పేజీల అంకెలు మాత్రం ఆమె తనవైపు నుంచి వేసుకుంది. గీసింది పిల్లలకి, అంకెలు తనకి. అక్కడ డిజైన్ చేసే అమ్మాయి అంకెలను బట్టి కాగితాలను నిలబెట్టింది. ప్రూఫు వచ్చింది. సముద్రం పైకెక్కి, పడవలు గబ్బిలాల్లా వేలాడుతూ, మనుషులు కాళ్లు పైకి పెట్టి నడుస్తూ. పైగా ఎడిటరమ్మ ఫోన్ చేసి ఒకటే పొగడ్త. దారి తప్పిన పీతకు లోకం తలకిందులుగా కనిపిస్తుందన్న ఊహ తమ ఆఫీసులో అందరినీ కదిలించిందట. నేనూ తక్కువ తినలేదు. ఈ వ్యవస్థను పీత కళ్లతో చూపించే ముందుమాట ఒకటి నా బుర్రలో అప్పటికే సగం తయారైంది.

వదిన ప్రూఫు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

"ఆ తల్లిని కాయితం ఇటు తిప్పి సూడమను మరిదీ. నా పీతకి తోవ తెలీదు గానీ, కళ్లు బాగానే కనపడతాయి."

ముందుమాట రాయలేదు. పుస్తకం తిన్నగా అచ్చయింది.

అక్కడినుంచి ఆమెకు రచయిత్రి జీవితం మొదలైంది. అదేమీ పూలబాట కాదు. తెలుగులో పిల్లల పుస్తకం రాయడమంటే ఏమిటో మీకు తెలియాలి. పెళ్లిలో పిల్లల పంక్తి లాంటిది. పెద్దవాళ్లు తిన్నాక మిగిలింది పెడతారు. కవిత్వం మీద పేజీలకు పేజీలు రాసే మిత్రులకు పీత పుస్తకం ఇచ్చాను. "బావుందండీ, మా మనవరాలికిస్తాను" అన్నారు. మీరు చదివారా అంటే, "పిల్లల పుస్తకం కదా" అన్నారు. అయ్యా, మీ మనవరాలు మొట్టమొదట చూసే కొబ్బరిచెట్టు, మొట్టమొదట భయపడే చీకటి, మొట్టమొదట జాలిపడే ప్రాణి ఆ పుస్తకంలో ఉండబోతున్నాయి. మీ దీర్ఘకవిత ఆమె చదవకపోయినా బతుకుతుంది. ఈ మాట వాళ్ల మొహం మీదే అన్నాను. ఇద్దరితో మాటలు పోయాయి. పోనీ.

టెక్కలిలో ఒక బళ్లో సభ పెట్టి ఆమెను పిలిచారు. "వర్ధమాన బాలసాహిత్య రచయిత్రి, చిత్రకారిణి" అని బ్యానరు కట్టారు. కొత్త నేత చీర కట్టుకుని, బ్యానరు కింద నిలబడి, నన్ను పక్కకు పిలిచింది.

"వర్ధమానమంటే ఏటి మరిదీ?"

"ఇప్పుడిప్పుడే పైకొస్తున్నవాళ్లని."

"అరవయ్యేళ్లకి పైకి రావడమేటి? పైకి పోడమే గానీ."

సభలో పెద్దలు మాట్లాడుతున్నంతసేపూ వేదిక మీద కుర్చీ అంచున కూర్చుంది. తన వంతు రాగానే దిగిపోయి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, పిల్లల ఎదురుగా నేలమీద కూర్చుంది. పుస్తకం వాళ్లవైపు తిప్పి ఒళ్లో నిలబెట్టింది. అక్షరాలు తనకు కనపడవు, అవసరమూ లేదు. పేజీ తిప్పి ఊరుకునేది. పిల్లలే అరిచేవారు. "వల్లోకెల్లకే పీతా!" "ఒలమ్మ, ఎల్లిపోయింది!" ఇదంతా అయ్యాక ఒక ఉపాధ్యాయుడు లేచి, పాపం మంచివాడే, "పిల్లలూ, ఈ కథలోని నీతి ఏమిటి?" అన్నాడు. హాలంతా చల్లబడిపోయింది. ముందు వరసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తి, "పీత కరుత్తాదండి" అంది.

వదిన ఆ పిల్లకు తన పూలదండ తీసి వేసింది. తిరుగు బస్సులో, నీతి నీతి అని పిల్లల నోట్లో వేపాకు రసం పోసే ఈ దేశం గురించి నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "నువ్వు మాత్రం తక్కువేటి? నీ నీతి ఎర్రరంగుది, అంతే గదా" అంది. దానికి నా దగ్గర జవాబుంది. ఇప్పటికీ ఉంది. కానీ అప్పటికే ఆమె నిద్రపోయింది.

తర్వాత ఆమెకూ అదే వచ్చింది. మా వైపు అదే అంటే చాలు, ఎవరూ పేరు అడగరు. కాళ్లవాపులు, నీరసం, రక్తపరీక్ష, తర్వాత రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రిలో మంచం, పాడైన కిడ్నీలకు బదులు రక్తం కడిగే యంత్రం, చేతికి గొట్టాలు. నేను ఈ జబ్బు మీద ఎన్ని వ్యాసాలు రాశానో మీరు చదివారు, లేదా పేజీ తిప్పేశారు. నీళ్లలో ఏముందో, మట్టిలో ఏముందో తేల్చమని ఒక తరం అడిగి అడిగి పోయింది. నా సొంత ఇంట్లోకి వచ్చాక నా కోపం రెట్టింపైంది. వదిన మాత్రం డ్రాయింగు పుస్తకం సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కేది. ఎడమచేతికి సూదులు, కుడిచెయ్యి ఖాళీ. "నాలుగ్గంటలు కూకోబెట్టి ఎవరూ టీ అడగరు మరిదీ. ఇంతకన్నా సుకం ఎప్పుడుంది నాకు?" అనేది. అక్కడా ఆకాశం తన ఒళ్లోనే. అందువల్ల ఎదురు మంచం మీద పడుకున్న సంతబొమ్మాళి వైపు ముసలాయనకు బొమ్మ తిన్నగా కనిపించేది.

ఆమె గీస్తున్నది ఒక తాత బొమ్మ. ముసలాయన రోజూ చూసి చూసి, ఒకరోజు ఉండబట్టలేక, "ఓలప్పా, ఆ తాతకి మీసం ఎట్టు. బోసిగున్నాడు" అన్నాడట.

"ఏటి మీసం? నీలాటిదా?"

"నాలాటిదే ఎట్టు. ఇంకా నల్లగెట్టు."

పెట్టింది. నల్లగానే పెట్టింది. అలా రెండో పుస్తకంలో తాతకు కోరమీసం వచ్చింది. కొన్ని వారాలకు ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమె మీసానికి ఇంకో పూత వేస్తోంది.

ఆ పుస్తకం కథ ఇది. తాత రోజు విడిచి రోజు ఆటోలో పలాస వెళతాడు. మనవరాలు వీధి మొగన నిలబడి ఎదురుచూస్తుంది. తాత వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెస్తాడు. ఒకసారి జామకాయ, ఒకసారి రంగుకాగితం గిరక, ఒకసారి ఏమీ దొరక్క తన టోపీ. తాత నీళ్లు ఎక్కువ తాగకూడదు. అందుకని ఇంట్లో అందరికంటే చిన్న స్టీలు గ్లాసు తాతది. ఆ గ్లాసుకు కాపలా మనవరాలు. తాత వచ్చేసరికి దాన్ని కొలతగా నింపి, ఒలక్కుండా పట్టుకుని ఎదురెళుతుంది. పుస్తకంలో జబ్బు అన్న మాట లేదు. ఆసుపత్రి బొమ్మ లేదు.

"అదేమిటి వదినా, అసలు సంగతే లేదు. నీళ్ల గురించి ఒక పేజీ అయినా పెట్టు. ఎవరిది బాధ్యతో చెప్పు" అన్నాను.

"నీ కరపత్రం నువ్వు రాసుకో. గుంటకి తాత కావాల, నీ ధర్నా ఎందుకు?" అంది. మా వైపు గుంట అంటే చిన్నపిల్ల.

"నిజం తెలియాలా వద్దా?"

"ఈ ఊళ్లో ఏ గుంటకి తెలీదు సెప్పు. ఆల ఇల్లల్లో సిన్న గళాసు నేదేటి?"

ఇది ఒక గొడవ. అసలు గొడవ చివరి పేజీ దగ్గర. తాత ఇంటికి రావాలని, పిల్లలు భయపడి నిద్రపోరని హైదరాబాదు ఎడిటరమ్మ. రాకూడదని నేను. ఉద్దానంలో ఎదురుచూసిన పిల్లలందరి తాతలూ వచ్చారా? రానివాళ్ల పిల్లలు ఆ పుస్తకం చూసి, మా తాతే ఎందుకు రాలేదని అడిగితే ఏం చెబుతారు? హాయిగా నిద్రపుచ్చడానికే అయితే పుస్తకం ఎందుకు, జోలపాట చాలదా? ఎడిటరమ్మతో ఫోన్‌లో గంటసేపు వాదించాను. ఆవిడా గట్టిదే. స్పీకరు పెట్టిన ఫోన్ మా మధ్య పెట్టుకుని వదిన చిక్కుడుకాయలు వొలిచింది. చివర్లో మాత్రం, "మీరిద్దరూ తేల్చుకోండి. ఆ తాత రావాలో వొద్దో, నాను టీ ఎట్టుకుని వొత్తాను" అని లేచింది. టీ వచ్చింది. జవాబు రాలేదు. నెలలపాటు చివరి పేజీ చాప కిందే ఉంది. ఎవరడిగినా, "ఇంకా అవనేదు" అనేది. ఆమె కూడా రోజు విడిచి రోజు ఆటో ఎక్కే మనిషే కదా, అందుకే ఆ పేజీ గీయలేకపోతోందేమో అని నాలో నేను అనుకున్నాను. ఆమెతో అనలేదు.

ఆమె పోయిన పొద్దున ఆ పేజీ బల్ల మీదే ఉంది. జనం వస్తారని అన్నయ్య ఆ బల్లను, పీటను ఉన్నవి ఉన్నట్టు ఎత్తించి ముందుగదిలో ఒక మూల పెట్టించాడు. రాయి కూడా అలాగే. "ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. నేను ఆ రోజుల్లో చాలాసార్లు వెళ్లి, పీట వెనక నిలబడి చూశాను. మట్టిదారి, చేతిలో గ్లాసుతో మనవరాలు, దూరంగా వస్తున్న ఆటో. ఆటో లోపల ఒట్టి నీలి చీకటి. తాతను ఇంకా గీయలేదు. గీయకముందే వెళ్లిపోయింది. అన్నయ్యా అదే అన్నాడు, "అవనట్టుందిరా" అని.

ఎడిటరమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది. కాసేపటికి, మంచి చిత్రకారుణ్ని చూసి ఆ ఆటోలో తాతను గీయిద్దామా అని మెల్లగా అడిగింది. మీసంతో సహా, అంది. వద్దన్నాను. బొమ్మ అలాగే ఉంచి కింద ఒక్క వాక్యం వేస్తే చాలన్నాను. "ఆ రోజు తాత రాలేదు." ఇప్పుడు ఆ మాట అనడానికి నాకు ఇంకా హక్కు వచ్చిందనుకున్నాను. పెద్దకర్మ అయ్యాక తేలుద్దామని ఇద్దరం ఫోన్లు పెట్టేశాం.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఊళ్లో పిల్లలు ముందుగదిలోకి దూరారు. అన్నాళ్లూ పెద్దవాళ్లు వాళ్లను అటు రానివ్వలేదు. ఎవరూ చెప్పకుండానే బల్లకు అవతల, తమ జాగాల్లో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పీట ఖాళీ. ఒకడు బొమ్మ మీద వేలు పెట్టాడు. తర్వాత మొదలైంది.

"అదుగో ఆటో."

"తాతేడి?"

"లోపలున్నాడు. సీకటి గదా, కనపడ్డు."

"లోపల నేడు. ఉంటే సెయ్యూపుతాడు."

"సూది పొడిసినారు గదేటి! సెయ్యి నొప్పెడతాది, ఎలగ ఊపుతాడు?"

"రెండో సెయ్యి ఉంది గదా."

"దాంతో జాంకాయ అట్టుకున్నాడు."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. పుస్తకంలో ఎక్కడా సూది లేదు. ఆమె సూది గీయలేదు, నేను పెట్టమన్నా పెట్టలేదు. లోపలికి వెళ్లి, "అది ఇంకా పూర్తవలేదర్రా. తాతను గీయకముందే టీచరమ్మ వెళ్లిపోయింది" అన్నాను.

పిల్లలు నావైపు తిరిగారు. అందరిలోకీ చిన్నపిల్ల, ఎదురింటి వాళ్ల గుంట, నాకేమీ తెలియదని తేల్చుకున్న మొహంతో, "రాయెట్టేసింది గదా మావా!" అంది.

"రాయి గాలికి కదా."

"గాలికి కాదు. అయిపోతేనే ఎడతాది. అవ్వకపోతే సాప కింద దాసేత్తాది. రాయెడితే మమ్మల్ని పిలుత్తాది."

మిగతావాళ్లంతా తలలూపారు. వాళ్లలో ఈ విషయం మీద భిన్నాభిప్రాయం లేదు. తెలుగు సాహిత్యంలో అలాంటి ఏకగ్రీవం నేను చూడలేదు. అన్నయ్య గుమ్మం దగ్గరికి వచ్చి విని, తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ పొద్దున ఆమె పేజీ పూర్తిచేసింది. రాయి పెట్టింది. సాయంత్రం బడి విడిచాక పిలుద్దామని కూర్చుంది.

అక్కడినుంచే ఎడిటరమ్మకు ఫోన్ చేశాను. చివరి పేజీ పూర్తయిందని, ఒక గీత కలపకూడదని, ఒక మాట కూడా కలపకూడదని, నా మాటతో సహా, అని చెప్పాను.

"మరి తాత వచ్చాడా, రాలేదా?" అందావిడ.

"అది ఇక్కడ తేలేట్టు లేదు. మీరూ వచ్చి కూర్చోండి" అన్నాను. ఆవిడ ఫోన్‌లోంచి పిల్లల గోల విని, సరేనంది. ఇక్కడితో నా వాదన మారిపోయిందని అనుకోకండి. పిల్లలకు నిజం చెప్పాలనే ఇప్పటికీ అంటాను. నీళ్ల గురించి వచ్చే నెల కరపత్రం వేస్తాను, దానికి మూడు ఆశ్చర్యార్థకాలూ పెడతాను. కానీ ఆ పేజీ జోలికి ఎవరైనా వస్తే ముందు నన్ను దాటాలి.

తర్వాత నేను పీట వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లి చాప మీద కూర్చున్నాను. ఇటు జరగమంటే ఒకడు విసుక్కుంటూ జరిగాడు. అక్కడినుంచి చూస్తే మట్టిదారి మా మోకాళ్ల దగ్గరే మొదలవుతుంది. మనవరాలు మాకు వీపు పెట్టి నిలబడింది. మేమంతా ఆ పిల్ల వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంది. "నువ్వు సెప్పు మావా, ఒచ్చినాడా నేదా?" అని అడిగారు. రాలేదనే అన్నాను. అందరూ ఒక్కసారిగా నామీద పడ్డారు. రాలేదన్నవాళ్లు కూడా అటు కలిసిపోయారు.

కిటికీలోంచి సముద్రపు గాలి వస్తోంది. దారి, ఆటో, కొబ్బరితోపు దాటాక కాగితం అవతలి అంచుదాకా అంతా ఆకాశం. గాలి వచ్చినప్పుడల్లా రాయి కింద కాగితం మూల లేచి, ఆ నీలం ఖాళీ పీటను ఒకసారి తాకి, మళ్లీ పడుకుంటోంది.